అంతరంగం ఎవరి సొత్తు?

ఇరుగుపొరుగువాళ్లు ఆకలితోనూ అప్పుతోనూ అవమానంతోనూ బతుకుతూ ఉండగా ఒక మనిషి తన మనసులోకి తాను తొంగి చూసుకుంటూ కూర్చోవటం న్యాయమేనా? అటువంటి మనిషిని గురించి ఒక పెద్ద నవల రాయటం న్యాయమేనా? ఇది సాహిత్య ప్రశ్నలాగా కనిపిస్తుంది గాని, నిజానికి నీతికి సంబంధించిన ప్రశ్న. అభ్యుదయ సాహిత్యోద్యమం పుట్టిన నాటినుంచీ ఇది మన వెంట వస్తూనే ఉన్నది. మనవాళ్లు దీనికి చెపుతూ వచ్చిన జవాబు చాలావరకు ఒకటే: న్యాయం కాదు. మనసును తవ్విపోసే నవల తీరిక గల వర్గం రాసుకునే నవల. ప్రపంచాన్ని మార్చటం చేతగాని మధ్యతరగతి మేధావి తన నిస్సహాయతను చూసి తానే ముచ్చటపడే నవల. ఈ జవాబులో నిజం ఉన్నది. అయితే ఎంత నిజం ఉన్నది, ఆ నిజం ఎక్కడ ఆగిపోతుంది అనేది తేల్చుకోవలసిన అవసరం కూడా ఉన్నది.

తేల్చుకోవటానికి రెండు నవలలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి వర్జీనియా వుల్ఫ్ రాసిన 'మిసెస్ డాలోవే'. 1925 మే నెలలో అచ్చయింది. 2025లో దానికి నూరేళ్లు నిండాయి. రెండవది నవీన్ రాసిన 'అంపశయ్య'. 1969లో పుస్తకంగా వచ్చింది. రెండూ ఒక్క రోజు కథలే. రెండూ చైతన్య స్రవంతి పద్ధతిలో రాసినవే. లండన్ సంపన్నుల పేటకూ మనకూ సంబంధమేమిటని ఉప్పల్, నాచారం ప్రాంతాల పాఠకుడు అడగవచ్చు. సంబంధం 'అంపశయ్య' ద్వారానే వస్తున్నది. ఆ నవల నడిచేది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. ఉప్పల్ చౌరస్తా నుంచి హబ్సిగూడ, తార్నాకల మీదుగా అక్కడికి పట్టుమని పది కిలోమీటర్లు లేదు. వరంగల్లు రోడ్డు నగరంలో అడుగుపెట్టేది ఉప్పల్ దగ్గరే. పల్లె నుంచి చదువు కోసం వచ్చిన పిల్లవాడి భయాలు ఈ రోడ్డు పొడవునా ఉన్నవాళ్లకు కొత్తవి కావు. వుల్ఫ్ మీద ఇంగ్లండులో నడిచిన విచారణే, వేరే పేర్లతో, మన దగ్గరా నడిచింది.

ముందు ఇంగ్లీషు నవల సంగతి. కథ చాలా చిన్నది. 1923 జూన్ నెలలో ఒక రోజు. కన్సర్వేటివు పార్టీ పార్లమెంటు సభ్యుడి భార్య క్లారిస్సా డాలోవే ఆ రాత్రి ఇంట్లో విందు చేస్తున్నది. పొద్దున్నే పూలు కొనటానికి బయలుదేరుతుంది. రాత్రి విందుతో నవల ముగుస్తుంది. మధ్యలో ఆమె జ్ఞాపకాలు, ఒకప్పుడు ఆమెను ప్రేమించి, ఇండియాలో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన పీటర్ వాల్ష్ జ్ఞాపకాలు, ఇంకా ఎందరివో ఆలోచనలు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తూ పోతాయి. ఆమెతో ఏ పరిచయమూ లేని సెప్టిమస్ వారెన్ స్మిత్ అనే గుమాస్తా కథ దీనికి సమాంతరంగా నడుస్తుంది. అతను మొదటి ప్రపంచ యుద్ధానికి తనంతట తానే వెళ్లి, స్నేహితుణ్ణి అక్కడ పోగొట్టుకుని, మనసు చెదిరి తిరిగివచ్చినవాడు. ఆ సాయంత్రం అతను కిటికీలోంచి దూకి చనిపోతాడు. ఆ వార్త విందులో ఒక డాక్టరు కుటుంబం నోటి ద్వారా క్లారిస్సా చెవిన పడుతుంది. అంతే కథ.

వుల్ఫ్ పద్ధతి మీద మొదటి ఫిర్యాదు వామపక్షం నుంచి రాలేదు. అప్పటికే పేరుమోసిన నవలాకారుడు ఆర్నాల్డ్ బెనెట్, ఆమె అంతకుముందు రాసిన నవలను దృష్టిలో పెట్టుకుని, ఆమె పాత్రలు పాఠకుడి మనసులో నిలవవని 1923లో అన్నాడు. దానికి వుల్ఫ్ 1924లో జవాబు రాసింది. రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్న ఒక పేద ముసలావిడను ఊహించమన్నది. ఆమెకు మిసెస్ బ్రౌన్ అని పేరు పెట్టింది. బెనెట్ తరం రచయితలు ఆమె ఇంటి అద్దె ఎంతో, ఆ ఇల్లు ఎవరిదో, ఆ వీధిలో ఏమేమి దుకాణాలున్నాయో అన్నీ చెపుతారుగాని, ఆమెను మాత్రం చూడరు అన్నది వుల్ఫ్ వాదన సారాంశం.

ఇక్కడే అభ్యుదయ పాఠకుడు చివుక్కుమంటాడు. అద్దె తెలియకుండా ముసలావిడ ఎట్లా తెలుస్తుంది? మనకు తెలిసిన జీవితంలో నెల మొదటి తారీఖున కట్టవలసిన కిరాయి బయటి వివరం కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది అదే. వుల్ఫ్‌కు ఈ సంగతి తెలియదని మాత్రం అనలేం. 1929లో స్త్రీలనూ రచననూ గురించి రాసిన పుస్తకంలో, రాయదలుచుకున్న స్త్రీకి ఏడాదికి 500 పౌన్ల రాబడీ, తనదంటూ ఒక గదీ ఉండాలని ఆమె తేల్చింది. మనసు స్వేచ్ఛకు డబ్బే పునాది అని ఇంతకన్నా సూటిగా చెప్పిన భౌతికవాదులు తక్కువ. అద్దె, మనసు అనేవి రెండు వేరు వేరు విషయాలు కావు. అద్దె మనసులోకి ఎట్లా ప్రవేశిస్తుందన్నదే నవలాకారుడి విషయం.

వామపక్ష విమర్శ తరవాత వచ్చింది. డి. ఎస్. మిర్‌స్కీ బ్రిటిష్ మేధావి వర్గం మీద రాసిన పుస్తకం 1935లో ఇంగ్లీషులోకి వచ్చింది. వుల్ఫ్ చుట్టూ ఉన్న బ్లూమ్స్‌బరీ బృందపు ఉదారవాదం పెట్టుబడి మీద వచ్చే రాబడితో బతికే వర్గానిదని అందులో దుయ్యబట్టాడు. అంతకు ఏడాది ముందు, 1934లో, మాస్కోలో జరిగిన సోవియట్ రచయితల మహాసభలో కార్ల్ రాడెక్ చైతన్య స్రవంతికి ఆద్యుడనదగ్గ జేమ్స్ జాయిస్‌ను ఇంతకన్నా కటువుగా తిట్టాడు. ఈ ధోరణికి గట్టి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు గ్యార్గ్ లుకాచ్. 1958లో వెలువడిన గ్రంథంలో ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: ఆధునికతావాద రచయిత దృష్టిలో ఒంటరితనం ఒక కాలంలో ఒక సమాజం మనిషి మీద రుద్దిన స్థితి కాదు, మనిషి స్వభావమే. కారణం కనిపించని బాధ శాశ్వతమనిపిస్తుంది. శాశ్వతమైన దాన్ని మార్చాలని ఎవరూ ప్రయత్నించరు.

ఈ అభియోగాన్ని తేలికగా తోసిపారెయ్యలేం. 'మిసెస్ డాలోవే'లోనే దీనికి సాక్ష్యం ఉన్నట్టు కనిపిస్తుంది. భర్త ఆర్మీనియన్ల విషయమై కమిటీ పనికి పోతాడు. ఊచకోతకు గురైన ఆ జనం ఎవరన్నదే క్లారిస్సాకు సరిగా గుర్తుండదు, వాళ్లను గురించి తనకేమీ బాధ కలగటం లేదనీ, తన గులాబీలంటే మాత్రం ఇష్టమనీ అనుకుంటుంది. ఇటువంటి మనిషి మనసులో ఒక రోజంతా మనం ఎందుకు గడపాలి?

అయితే ఈ ప్రశ్న అడిగేవాడు ముందు ఒక విషయం గమనించాలి. క్లారిస్సా ఉదాసీనతను మనకు తెలియజేసింది ఎవరు? ఆమె మనసును తెరిచి చూపిన ఆ పద్ధతే. బయటినుంచి చూస్తే ఆమె మర్యాదస్థురాలు, దయగల యజమానురాలు. ఆమె వర్గం ప్రపంచపు బాధను ఎంత సుకుమారంగా పక్కకు నెట్టెయ్యగలదో లోపలినుంచి చూస్తేనే తెలుస్తుంది. ఈ నవలలో సామాజిక వ్యవస్థను విమర్శించాలనీ, అది పనిచేసే తీరును చూపించాలనీ తాను అనుకుంటున్నట్టు వుల్ఫ్ 1923లోనే డైరీలో రాసుకున్నది. ఆ డైరీ భాగాలు 1953లో అచ్చయినాయి. అయినా, ఈ నవల పాలకవర్గాన్ని గురించిన పరిశీలన అని అలెక్స్ జ్వెర్డ్‌లింగ్ వివరంగా వాదించటానికి 1977 దాకా పట్టింది. ఈలోగా రెండు పక్షాలవాళ్లూ దాన్ని ఒకే విధంగా చదివారు: ఒక పక్షం అందమైన అంతరంగ చిత్రణ అని మెచ్చుకున్నది, రెండో పక్షం అదే మాట అని తిట్టింది.

సెప్టిమస్ సంగతి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అతనికి వచ్చిన జబ్బు అతనిలో పుట్టింది కాదు. పల్లెపట్టు నుంచి లండన్ వచ్చి, పగలు గుమాస్తాగిరీ చేసి, సాయంత్రం వాటర్లూ రోడ్డులో ఒక ఉపన్యాసకురాలి దగ్గర షేక్‌స్పియర్ పాఠాలు వినేవాడతను. ఆ షేక్‌స్పియర్ దేశాన్ని కాపాడటానికనే యుద్ధానికి పోయాడు. (అదే వాటర్లూ రోడ్డులోని మోర్లీ కళాశాలలో, 1905 నుంచి 1907 వరకు, వుల్ఫ్ శ్రామికులకు పాఠాలు చెప్పింది. అటువంటి విద్యార్థులను ఆమె ఎరుగును.) యుద్ధం అతని మనసును పాడుచేసింది. తరవాత అతణ్ణి డాక్టర్ల చేతిలో పెట్టారు. సర్ విలియం బ్రాడ్‌షా అనే పెద్ద డాక్టరు ఆరాధించే దేవత పేరు 'సమతూకం'. దానికొక సోదరి ఉన్నది; ఎదుటివాడి సంకల్పాన్ని నలగ్గొట్టి లొంగదీసుకోవటం దాని పని. ఆ దేవత లండన్‌లో చేసే పనే వలస దేశాల్లో, మన దేశంలో కూడా, చేస్తున్నదని నవల విప్పి చెపుతుంది. అంటే సెప్టిమస్ బుర్రలో జరుగుతున్నది అతని సొంత వ్యవహారం కాదు. సామ్రాజ్యం, సైన్యం, వైద్యశాస్త్రం, వర్గ మర్యాద అన్నీ కలిసి అక్కడ పని చేస్తున్నాయి. బయటి ప్రపంచం నుంచి తప్పించుకుని దాక్కునే చోటు అంతరంగం అనుకుంటే పొరపాటు. బయటి ప్రపంచం మనిషిని చేతికి చిక్కించుకునే చోటే అది.

ఇక మన సంగతి. తెలుగులో మనసు నవల 'అంపశయ్య'తో మొదలు కాలేదు. 1940లలోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' వచ్చింది. 1950లలో రాచకొండ విశ్వనాథశాస్త్రి, జాయిస్ ప్రభావంతో, 'అల్పజీవి' రాశాడు. సీతారామారావు ఆస్తి కరగదీసుకున్న వంశాభిమాని. సుబ్బయ్య నీడను చూసి జడిసే గుమాస్తా. వీళ్లిద్దరికీ తమ్ముడి వరస కాదగినవాడు 'అంపశయ్య'లోని రవి. పేద పల్లె కుటుంబంలోంచి వచ్చిన పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థి. తెల్లవారుజామున నిద్ర లేచిన దగ్గరనుంచి రాత్రి పడుకునే దాకా సుమారు పదహారు గంటల పాటు అతని మనసులో మెదిలేదంతా నవల. పరీక్షల భయం, డబ్బుకు కటకట, ఆడపిల్లల మీద ఆశ, తోటివాళ్ల ముందు న్యూనతాభావం, ఇంటి మీద బెంగ, ఇంటిని తలుచుకుంటే సిగ్గు.

ఈ నవల అచ్చయిన కాలాన్ని గుర్తుకు తెచ్చుకోండి. 1965 - 68 మధ్య దిగంబర కవులు వచ్చిపోయారు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియాయే కేంద్రం. విద్యార్థులు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1970 జూలైలో శ్రీశ్రీ అధ్యక్షుడుగా విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డది. సాహిత్యాన్ని పోరాటానికి అక్కరకు రమ్మని కాలమే పిలుస్తున్న రోజులవి. ఆ రోజుల్లో హాస్టలు గదిలో పడుకుని తన బుర్రలోని చెత్తంతా తిరగేసుకునే కుర్రవాడు ఎవరికి కావాలి? ప్రశ్న సహజమైనదే. కాని దానికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉన్నది. 1969లో రోడ్డు మీదికి వచ్చిన విద్యార్థులు ఎవరు? ఉద్యోగం దొరకదని భయపడేవాళ్లు, ఇంగ్లీషు రాదని కుంగిపోయేవాళ్లు, పల్లెలో అప్పు చేసి డబ్బు పంపే తండ్రికి ఏం జవాబు చెప్పాలో తెలియనివాళ్లు. అంటే వందలాది రవులు. గుంపును బయటినుంచి చూస్తే నినాదం వినిపిస్తుంది. ఆ నినాదానికి ముందు ఎన్ని ఏళ్ల సిగ్గు, ఎంత కడుపుమంట, ఎంత నిద్రలేమి పోగుపడి ఉన్నదో రవి లాంటివాడి బుర్రలోకి దిగితేనే తెలుస్తుంది. నవీన్ ఉద్యమాన్ని గురించి రాయలేదు. ఉద్యమం దేనిలోంచి వచ్చిందో దాన్ని రాశాడు.

పేరు కూడా ఈ మాటే చెపుతున్నది. భారతంలో అంపశయ్య మీద పడుకున్నవాడు భీష్ముడు. ఎప్పుడు చనిపోవాలో ఎంచుకునే వరం ఆయనకున్నది, చుట్టూ వినేవాళ్లున్నారు, పడుకునే రాజధర్మం బోధించాడు. రవికి వరమూ లేదు, వినేవాళ్లూ లేరు. బాణాలు మాత్రం ఉన్నాయి, అవి వచ్చిన దిక్కులు కూడా ఉన్నాయి. లుకాచ్ అభియోగం పట్ల ఈ నవల ఇంతవరకు నిర్దోషి: ఇక్కడ బాధకు కారణాలు మాయం కాలేదు.

మరి ఈ నవలలమీద మనకు ఉన్న అసంతృప్తి అంతా ఉత్తదేనా? కాదు. కాని ఆ అసంతృప్తిని మనం తప్పు చోట వెతికాం. ఈ రచయితలు మనసులోకి దిగటం దోషం కాదు. ఎవరి మనసులోకి దిగారు అన్నది అసలు ప్రశ్న. 'అంపశయ్య' రవి చైతన్యాన్ని విడిచి కదలదు. అదే హాస్టల్లో తెల్లవారక ముందే లేచి పొయ్యి ముట్టించేవాడు, గదులు ఊడ్చేవాడు కూడా ఆ పదహారు గంటలూ మెలకువతోనే ఉంటారు. వాళ్ల మనసుల్లోనూ ఏదో ప్రవహిస్తూనే ఉంటుంది. దాన్ని ఎవరు రాయాలి? 'మిసెస్ డాలోవే'లో పనిమనిషి లూసీ మనసును కాసేపు తెరిచి చూపుతారు గాని, అక్కడ మనకు కనిపించేది యజమానురాలి మీద ఆమెకున్న అభిమానం.

ఈ లోటు వుల్ఫ్‌కు తెలుసు. 1913లో న్యూకాసిల్‌లో జరిగిన శ్రామిక స్త్రీల సహకార సంఘ మహాసభకు ఆమె వెళ్లింది. ఆ స్త్రీలు తమ జీవితాలను గురించి స్వయంగా రాసిన పుస్తకం 1931లో వెలువడినప్పుడు దానికి పరిచయంగా ఒక లేఖ రాసింది. వాళ్లు స్నానాల గదులు, వేతనాలు, విడాకుల చట్టం గురించి మాట్లాడుతుంటే తాను దయగల ప్రేక్షకురాలిగానే కూర్చున్నానని అందులో ఒప్పుకున్నది. బట్టలుతికే తొట్టి ముందు నిలబడ్డ శరీరం తనది కాదు గనక తన సానుభూతిలో కల్పన పాలు ఉన్నదని కూడా దాచకుండా చెప్పింది. ఆ నిజాయితీ మెచ్చుకోదగినదే. అయితే నిజాయితీ హద్దును చూపించగలదు గాని దాటించలేదు.

ఆమె లోటు ఎత్తిచూపే ముందు మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. నాచారం పారిశ్రామిక వాడలో ప్యాకింగ్ పనికి పోయే ఒక కంట్రాక్టు కార్మికురాలిని ఊహించండి. వుల్ఫ్ రైలు పెట్టెలో మిసెస్ బ్రౌన్‌ను కూర్చోబెట్టినట్టు, మనం ఈమెను షేర్ ఆటోలో కూర్చోబెట్టుకుందాం. మన కథల్లో ఈమె ఎట్లా వస్తుంది? మొదటి పేజీలో కన్నీళ్లతో వస్తుంది. మధ్యలో సూపర్‌వైజరు తిడతాడు. చివర పిడికిలి బిగిస్తుంది. ఈమె కిరాయి ఎంతో, జీతం ఎంతో, ఎన్ని గంటలు నిలబడుతుందో మనం సరిగ్గానే రాస్తాం. వుల్ఫ్ బెనెట్‌ను ఆక్షేపించినట్టే, ఈమెను మాత్రం చూడం.

చూస్తే ఏం కనిపిస్తుంది? ఈ నెల చిట్టీ పాట ఎవరు పాడుకుంటారన్న లెక్క. ఇంగ్లీషు మీడియం చదివే కొడుకును చూసి గర్వం. స్కూలు గేటు దగ్గరికి తాను వస్తే వాడు మొహం తిప్పుకున్నందుకు నొప్పి. ఆ నొప్పి పడటం తనదే తప్పేమోనన్న అనుమానం. తనతో పాటు చేరి పర్మనెంటు అయిన మనిషి మీద అసూయ. బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీలు తక్కువ కూలికి ఒప్పుకుంటున్నారన్న కోపం. పెళ్లికి ముందు ఊళ్లో బతుకమ్మ ఆడిన రోజు. ఎందుకో అకారణంగా వచ్చే సంతోషం. వీటిలో దేన్ని మనం కథలోకి రానిస్తున్నాం? అసూయ వస్తే వర్గ ఐక్యత దెబ్బ తింటుందంటాం. పక్క రాష్ట్రపు కూలీ మీద కోపం రాస్తే శత్రువు చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుందంటాం. అకారణ సంతోషం వస్తే పేదరికానికి రంగు పూస్తున్నారంటాం. అన్నీ తీసెయ్యగా ఆమెకు మిగిలేవి ఆకలీ ఆగ్రహమూ మాత్రమే. సంక్లిష్టత, సందిగ్ధత, ఆత్మవంచన, అపరాధభావం, ఇవన్నీ రవికీ సుబ్బయ్యకూ క్లారిస్సాకూ రిజర్వు చేసి పెట్టాం.

ఇది సాంకేతిక లోపం కాదు, నైతిక లోపం. ఒకరికి బాధ ఉన్నదని ఒప్పుకుని మనసు ఉన్నదని ఒప్పుకోకపోవటం తక్కువ చూపులో ఒక రకమే. యజమాని ఆమెను ఒక జత చేతులుగా చూస్తాడు. మనం ఆమెను ఒక బిగించిన పిడికిలిగా చూస్తే మనం చూసింది కూడా చేతినే.

దీనికి రెండు అభ్యంతరాలు చెపుతారు. ఒకటి: అంతరంగం తీరిక ఉన్నవాడికే ఉంటుంది, బతుకు పోరాటంలో ఉన్నవాడికి అంత వ్యవధి ఎక్కడిది? ఇది తీరిక ఉన్నవాళ్ల ఊహ. ఎనిమిది గంటలపాటు చేతులు ఒకే కదలికను తిప్పితిప్పి చేస్తున్నప్పుడు మనసు ఊరుకోదు. పనివాడు తన పనికే పరాయివాడవుతున్నాడని మార్క్స్ 1844 రాతప్రతుల్లో చెప్పింది మనసున్న మనిషి విషయంలోనే అర్థవంతమవుతుంది. రాయికి పరాయితనం ఉండదు.

రెండవ అభ్యంతరం బరువైనది. శ్రామికుడి బలహీనతలు చూపితే ఉద్యమం బలహీనపడుతుంది అంటారు. ఎవరితో ఉద్యమం నిర్మిస్తారు అని మాత్రమే నేను అడుగుతాను. నాచారంలో గేటు మీటింగు పెట్టే కార్యకర్తకు స్థానిక కార్మికురాలి మనసులో బీహారు కూలీ మీద ఉన్న కోపం తెలియకపోతే, ఆ కోపాన్ని ముందుగా వాడుకునేది యాజమాన్యమే. అది ఆమె దుర్గుణం కాదు. కాంట్రాక్టు పద్ధతి ఆమె లోపల చేసిన పని. రాయకుండా దాచిపెట్టినంత మాత్రాన అది ఆగదు. మనసును తెలుసుకోవటం రాజకీయం నుంచి పక్కకు పోవటం కాదు, రాజకీయంలో సగం పని.

ఈ మాట అభ్యుదయ సంప్రదాయానికి బయటినుంచి తెచ్చి పెడుతున్నది కూడా కాదు. అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం లక్నోలో 1936 ఏప్రిల్‌లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన మొదటి మహాసభ జరుపుకున్నది. అంతకుముందు లండన్‌లో ఆ సంఘానికి బీజం వేసినవాళ్లలో ముల్క్ రాజ్ ఆనంద్ ఒకడు. ఆయన బ్లూమ్స్‌బరీ రచయితలను దగ్గరనుంచి ఎరిగినవాడు, వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్‌లో కొంతకాలం పని చేసినవాడు. 1935లో ఆయన ప్రచురించిన 'అన్‌టచబుల్' కూడా ఒక్క రోజు కథే. అయితే ఆ రోజు పార్లమెంటు సభ్యుడి భార్యది కాదు, పాకీపని చేసే బఖా అనే యువకుడిది. 19 మంది ప్రచురణకర్తలు తిప్పికొట్టిన తరవాత ఆ పుస్తకం వెలుగు చూసింది. బఖాలో అవమానం ఒక్కటే లేదు. తెల్ల సిపాయిల బట్టల మీద మోజున్నది, హాకీ మీద ఇష్టమున్నది, ఆగ్రహమున్నది, లొంగుబాటున్నది. మిర్‌స్కీ, రాడెక్‌లు ఈ పద్ధతిని తిడుతున్న రోజుల్లోనే, మన సంఘ స్థాపకులలో ఒకడు దాన్ని ఆ వర్గం చేతిలోంచి తీసుకుని బఖాకు ఇచ్చాడు. పద్ధతికి వర్గం లేదు. దాన్ని ఎవరికి అందనిస్తారన్న దానికి వర్గం ఉన్నది.

తెలుగులో అదే పని రావిశాస్త్రి చేశాడు. 'అల్పజీవి'లో గుమాస్తా మనసును పొరలు పొరలుగా విప్పటం నేర్చుకున్న చెయ్యే తరవాత 'ఆరు సారా కథలు' రాసింది. 'మాయ' కథలో ముత్యాలమ్మ కేవల బాధితురాలు కాదు, వీరవనిత కాదు. సారా వ్యాపారం, పోలీసులు, కోర్టు, వకీళ్లు అన్నీ ఎట్లా నడుస్తాయో కుర్ర ప్లీడరు కన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమెకు ఒక బుర్ర ఉన్నదని, అది పనిచేస్తున్నదని రచయిత మొదటి వాక్యం నుంచే ఒప్పుకున్నాడు. ఆ రచయితే 1970లో విరసం స్థాపకులలో ఒకడు. చైతన్య స్రవంతి మనిషిని నిష్క్రియుణ్ణి చేస్తుందనేవాళ్లు ఈ ప్రయాణాన్ని ఒకసారి చూడాలి. ఇక, పరాయివాళ్లు ఇచ్చేదాకా ఆగకుండా తమ అంతరంగాన్ని తామే రాసుకున్నవాళ్లూ వచ్చారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వెలువడిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' అందుకొక సాక్ష్యం. న్యూకాసిల్ సభలో వుల్ఫ్ దాటలేకపోయిన హద్దును దాటే దారి ఇదే.

ఇదంతా పుస్తకాల గొడవ అని ఎవరైనా అనుకుంటే, 2016 జనవరి 17ను గుర్తు చెయ్యవలసి ఉంటుంది. ఆ రోజు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అతను రాసిపెట్టిన ఉత్తరం దేశమంతా చదివింది. మనిషి విలువను అతని పుట్టుక గుర్తింపుకూ, ఒక ఓటుకూ, ఒక అంకెకూ కుదించారనీ, మనిషిని ఒక మనసుగా చూడటమే లేదనీ అతని ఆవేదన. అప్పటికి సెప్టిమస్ కిటికీలోంచి దూకి తొంభై ఏళ్లు దాటింది, రవి అంపశయ్య మీద పడుకుని నలభై ఏడేళ్లు. కాలం వేరు, కులం వేరు, దేశం వేరు. వాటిని ఒకటి చెయ్యటం అన్యాయం. అయినా ఒక మాట మాత్రం ఆ ఉత్తరం మనకు సందేహం లేకుండా చెప్పింది: అణచివేత తీసుకునేవాటిలో కూలీ, భూమీ, గౌరవమే కాక, లోపల కూడా ఒక లోకం ఉన్న మనిషిగా గుర్తింపబడే హక్కు కూడా ఉన్నది. ఆ హక్కును తీసుకునే పనిలో పాలకులతో పాటు మన కథలు, మన విమర్శ కూడా ఒక చెయ్యి వేస్తే, మనం ఏ పక్షాన ఉన్నట్టు?

కాబట్టి విమర్శకుడుగా, ఉపాధ్యాయుడుగా మనం అడిగే ప్రశ్నలు మారాలి. ఒక నవల మనసులోకి దిగిందా, వీధిలో నిలబడిందా అనేది గీటురాయి కాదు. దిగిన మనసులో వీధి వినపడుతున్నదా అని అడగాలి. బాధకు కారణాలు కనిపిస్తున్నాయా, లేక అది వాతావరణంలాగా ఊరికే వచ్చి కమ్ముకున్నదా అని అడగాలి. లుకాచ్ నుంచి ఇంతవరకు నేర్చుకోవాలి. ఆ నవలలో ఎవరెవరికి మనసు దొరికింది, ఎవరెవరికి చేతులు మాత్రమే దొరికాయి అని అడగాలి. ఈ మూడో ప్రశ్నను వుల్ఫ్ దగ్గర ఎంత నిక్కచ్చిగా అడుగుతామో, ఎర్ర అట్ట వేసిన మన పుస్తకాల దగ్గర కూడా అంతే నిక్కచ్చిగా అడగాలి.

ఎరిక్ ఔయర్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు, హిట్లర్ పాలన వల్ల దేశం విడిచి ఇస్తాంబుల్‌లో తలదాచుకుని, యుద్ధం జరుగుతూ ఉండగా పాశ్చాత్య సాహిత్యంలో వాస్తవికత చరిత్ర రాశాడు. 1946లో అచ్చయిన ఆ పుస్తకపు చివరి అధ్యాయం వుల్ఫ్ మీదనే. ఎవరిదో ఒక మామూలు క్షణాన్ని లోతుగా చూస్తే, మనుషులందరికీ ఉమ్మడిగా ఉన్నది అక్కడ బయటపడుతుందని ఆయన ఆశపడ్డాడు. ఆ ఆశ గొప్పది. కాని ఉమ్మడి అనే మాట మనకు కొంచెం ఎక్కువ తెలుసు. భూమి ఉమ్మడి అయినట్టు కాగితం మీద రాసుకుంటే అయిపోదు. పట్టా ఎవరి పేరున ఉన్నదో చూడాలి. అంతరంగమూ అంతే. అది అందరికీ ఉన్నది. సాహిత్యంలో దాని పట్టా మాత్రం ఇంకా కొందరి పేరునే ఉన్నది. దున్నేవాడికి భూమి కావాలని అన్న మనం, పనిచేసేవాడికి మనసు వద్దని అనలేం.